సోమవారం ఇంటర్వ్యూకి ఆదివారం దీవి

అమీర్‌పేట

కాకినాడ ఎదురుగా సముద్రంలో సన్నగా, పొడుగ్గా ఒక ఇసుక దీవి ఉంది. హోప్ ఐలాండ్ అంటారు. పొద్దున పడవెక్కి వెళ్ళి సాయంత్రానికి తిరిగి రావచ్చు. ఇలాంటి చోట్ల గురించి రాసేవాళ్ళు అలలు పిలిచాయి, మనసు ఆగలేదు, బయల్దేరాం అని మొదలుపెడతారు. మమ్మల్ని ఏ అలలూ పిలవలేదు. మా రూమ్మేట్ స్వరూప ఒక అబద్ధం చెప్పింది. దాన్ని నిజం చేసి రావడానికి వెళ్ళాం.

ఆ అబద్ధం ఎలా పుట్టిందో తెలియాలంటే ముందు అమీర్‌పేట సంగతి తెలియాలి. ఇక్కడ ఒక గోడ మీద జావా, ఎదురుగోడ మీద ఒరాకిల్, మధ్యలో కరెంటు స్తంభానికి టెస్టింగ్ టూల్స్. మనుషులు ఎదురైతే బాగున్నావా అనరు. ఏం కోర్సు, ఎక్కడ, ఇంటర్వ్యూ ఏమైంది, ఎన్ని రౌండ్లు అయ్యాయి అంటారు. ఇడ్లీ బండి అతను కూడా చట్నీ వేస్తూ అదే అడుగుతాడు. నేను ఈ ప్రశ్నల్లోంచి బయటపడి చాలా కాలమైంది. మాది తణుకు దగ్గర. పంజాగుట్టలో ఒక చిన్న కంపెనీలో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేస్తాను. అంటే వేరేవాళ్ళు రాసినదాంట్లో తప్పులు వెతకడం. దానికి జీతం కూడా ఇస్తారంటే మా అమ్మ ఇప్పటికీ నమ్మదు.

స్వరూపది జగిత్యాల వైపు. ఎంసీఏ అయిపోయి, ఏడాది పైగా మా లేడీస్ హాస్టల్లో నా గదిలోనే ఉంటూ ఇంటర్వ్యూలకి తిరుగుతోంది. రాతపరీక్ష గట్టెక్కుతుంది, టెక్నికల్ రౌండ్ గట్టెక్కుతుంది, చివర్లో మేనేజరు ఎదురుగా కూర్చుని మీ గురించి చెప్పండి అనగానే నోరు ఎండిపోతుంది. అందుకని మా వీధి చివర స్పోకెన్ ఇంగ్లీషు క్లాసుల్లో చేరింది. అక్కడి సారు లోకంలో ఉన్న ప్రతి ప్రశ్నకీ ఒక జవాబు వండి ఉంచాడు. మీరు చేసిన మరపురాని ప్రయాణం ఏదని అడిగితే, స్నేహితులతో కలిసి ఒక చిన్న దీవికి వెళ్ళాను, తెల్లటి ఇసుక, నీలం నీళ్ళు, అందమైన సూర్యోదయం, అక్కడ జట్టుగా పనిచేయడం నేర్చుకున్నాను అని చెప్పాలి. క్లాసు మొత్తం దాన్ని ఎక్కాలు చదివినట్టు చదివేది. పొద్దున్నే మా బాత్రూముల్లోంచి కూడా వినిపించేది.

సోమాజిగూడలో ఒక కంపెనీ ఇంటర్వ్యూలో ఆ ప్రశ్న రానే వచ్చింది. స్వరూప గడగడా అప్పజెప్పేసింది. మేనేజరు ముఖం వెలిగిపోయిందట. తను సముద్రం ఒడ్డునే పుట్టి పెరిగానని, ఆ దీవి సంగతి సోమవారం ఆఖరి రౌండులో తీరిగ్గా మాట్లాడుకుందామని అన్నాడట.

ఆ మాట చెప్పి స్వరూప మంచం మీద కూలబడింది. ఆమె పుట్టి బుద్ధెరిగి సముద్రం చూడలేదు. నేను బోలెడు ధైర్యం చెప్పాను. కోస్తా మనిషిని, సముద్రం సంగతి నేను చూసుకుంటాను, నేను చెప్పింది బట్టీ పట్టు అన్నాను. ఆమె అడగడం మొదలుపెట్టింది. ఉప్పునీళ్ళు ఆరిపోయాక ఒంటిమీద ఎలా ఉంటుంది? తడి ఇసుకలో కాలు ఎంత దిగుతుంది? అల వచ్చేటప్పటి చప్పుడూ పోయేటప్పటి చప్పుడూ ఒకటేనా? నేను సముద్రాన్ని చూసింది రెండే రెండుసార్లు. ఒకసారి కార్తీకమాసం స్నానాలకి, అప్పుడు జనం తప్ప ఇంకేమీ కనబడలేదు. రెండోసారి పెళ్ళివారి బస్సు కిటికీలోంచి. నాలుగో ప్రశ్నకే నా కోస్తాతనం బయటపడిపోయింది.

"చెప్పినప్పుడు అబద్ధమే అక్కా," అంది స్వరూప. "గని సోమవారం వరకు నిజం జేసుకుంటే అయిపాయె గదా. పోయొద్దాం."

ఆదివారం ఒక్కరోజులో చూసి రాగల దీవి కాకినాడదే అని తేలింది. శనివారం రాత్రి బయటికి వెళ్ళాలంటే మా హాస్టల్ నడిపే రత్నమాల ఆంటీ అనుమతి కావాలి. ఆంటీకి యాభై దాటాయి. తొమ్మిది కొట్టగానే గేటుకి తాళం వేస్తుంది, పెరుగు గరిటెతో కొలిచి వడ్డిస్తుంది, గడప దాటబోయే ఆడపిల్ల ఎవరైనా సరే ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడొస్తావ్ అని ఒక్క ఊపిరిలో అడుగుతుంది. ఆవిడకి అబద్ధం చెప్పి నెగ్గినవాళ్ళు మా హాస్టల్లో లేరు కాబట్టి ఉన్నదున్నట్టు చెప్పాం. ఆవిడ కళ్ళజోడు తీసి కొంగుతో తుడిచింది, మళ్ళీ పెట్టుకుంది, మళ్ళీ తీసింది. ఆవిడ పుట్టిల్లు కాకినాడే. ఊళ్ళో ఉన్నంతకాలం దీవి ఎక్కడికి పోతుందిలే అనుకుందట. పెళ్ళయి ఆవిడే ఇటు వచ్చేసింది, దీవి మాత్రం అక్కడే ఉండిపోయింది.

"నేనూ వస్తాను," అంది ఆంటీ. "మీ ఇద్దరినీ ఒంటరిగా పంపడానికి వీల్లేదు."

మమ్మల్ని కాపాడటానికి వస్తున్న మనిషి శనివారం మధ్యాహ్నానికే బ్యాగు సర్దుకుని, వంటామెకి తాళాలు అప్పజెప్పి, హాల్లో కుర్చీలో కూర్చుని మా ఆఫీసు ఎప్పుడు వదులుతారా అని ఎదురుచూసింది.

టిఫిను

తెల్లవారుతుండగా రైలు గోదావరి దాటింది. దాటుతూండగానే ఆంటీ గొంతు మారిపోయింది. హాస్టల్లో పాలు అయిపోయాయి, గీజరు ఆపండి అనే గొంతు కాదది. కిటికీ ఊచలు పట్టుకుని, అమ్మాయ్ శైలూ లెగవే, గోదారమ్మే, చూడవే అంటూ నన్ను కుదిపి లేపింది. నదిలోకి నాణెం విసిరి, స్వరూప చేతిలో ఒకటి పెట్టి విసిరించింది. స్వరూప నాణెం వంతెన ఇనుప కమ్మీకి తగిలి ఠంగుమని మోగి కిందికి పోయింది. ఇంటర్వ్యూ గురించి మొక్కుకుందేమో, పాపం చాలాసేపు ముఖం వేలాడేసుకుంది. తగిలినా పడేది గోదారిలోనే కదే అని ఆంటీ సర్దిచెప్పింది.

కాకినాడలో దిగి ముందు టిఫిను తిన్నాం. ఇక్కడ పెసరట్టు మడతలో ఉప్మా పెట్టి ఇస్తారు. స్వరూప దాన్ని విప్పి చూసి, ఇవి రెండు టిఫిన్లు, ఒకదాంట్లో ఒకటి ఎందుకు పెట్టారని అడిగింది. ఆంటీ తన పెసరట్టు కూడా విప్పి చూసుకుంది. చిన్నప్పట్నుంచీ తింటున్నదాన్ని ఎవరైనా అలా విప్పి చూపిస్తే ఎవరికి మాత్రం ఏం తోస్తుంది? అల్లం పచ్చడి అడిగినకొద్దీ వేశారు. అమీర్‌పేటలో రెండోసారి చట్నీ అడిగితే బండివాడు మన వంశం గురించి ఆలోచిస్తున్నట్టు చూస్తాడు. ఇక్కడ వడ్డించే ఆయన, తినడం లేదేంటండీ అని నొచ్చుకున్నాడు. ధర కూడా అమీర్‌పేటకన్నా తక్కువే. ఆంటీ అది చూసి, ఇదే ధరకి హాస్టల్లో ఎందుకు పెట్టలేకపోతున్నానో లెక్కలోకి దిగబోయింది. ఆదివారం లెక్కలు వద్దని మేమిద్దరం చెరో చెయ్యీ పట్టుకుని బయటికి లాక్కొచ్చాం.

రేవు

జగన్నాథపురం వంతెన దగ్గర కాలవలో పడవలు ఒకదానికొకటి ఆనుకుని నిలబడి ఉన్నాయి. ఎండుచేపల వాసన, డీజిల్ వాసన, మధ్యమధ్య ఎవరిదో టీ. ఆంటీ ముక్కు మూసుకోలేదు సరికదా, గుండెల నిండా పీల్చి, అమ్మయ్య, ఇదే అంది.

మా పడవ నడిపినతని పేరు సత్తిబాబు. నలభై ఏళ్ళుంటాయి, మాటకి ముందు చిరునవ్వు వస్తుంది. చెప్పులు విప్పి ఎక్కమన్నాడు. తను ముందుగా కాలవ నీళ్ళు దోసిట్లోకి తీసుకుని కళ్ళకద్దుకుని, గంగమ్మ తల్లీ అని, మా ముగ్గురి చేతా అదే చేయించాడు. తర్వాత ఒక షరతు చెప్పాడు.

"పడవెక్కాక ఎంత దూరం, ఎంతసేపు, ఎప్పుడెల్తాం అని అడక్కూడదండి. అడిగితే దారి పెరుగుద్దండి. మా నాన్నగారి కాడ్నించీ మా పడవలో ఇదే పద్ధతండి."

నేను నవ్వాను. స్వరూప నవ్వలేదు, సరే అన్నా అని బుద్ధిగా తలూపింది. ఆంటీ ముఖం మాత్రం చూడాలి. ఎక్కడికి, ఎవరితో, ఎప్పుడు అనే మాటల మీద ఇన్నేళ్ళుగా హాస్టల్ నడిపిన మనిషి. పడవ కదిలిన కాసేపటికే నోరు తెరిచింది, సత్తిబాబు వెనక్కి తిరిగి చూశాడు, ఆవిడ కొంగు నోట్లో కుక్కుకుంది. దారంతా అదే వరస.

కాలవ దాటి నీళ్ళు వెడల్పయ్యాయి. దూరంగా పెద్ద ఓడలు కదలకుండా నిలబడి ఉన్నాయి. ఒక పక్క మడ అడవుల ఆకుపచ్చ గీత. నీళ్ళు నీలంగా లేవు. బురద కలిసిన టీ రంగులో ఉన్నాయి. అలలు కూడా లేవు. స్వరూప చాలాసేపు చూసి, సముద్రం అంటే మస్తు అలలుంటయన్నరు అంది నెమ్మదిగా, ఎవరినీ అడగకుండా. ఇది అసలు సముద్రం కాదు, లోపలికొచ్చిన అఖాతం, అసలుది దీవికి అవతల ఉంటుందని నేను పెద్దరికంగా వివరించాను. వివరిస్తుండగానే నా కడుపులో పెసరట్టూ ఉప్మా విడిపోయాయి.

వాంతి సంగతి ఎక్కువ రాయను. పడవ అంచు పట్టుకుని వేలాడుతున్న కోస్తా ఆడపడుచు వీపుని, సముద్రం మొహం ఎరగని జగిత్యాల అమ్మాయి నిమురుతూ కూర్చుంది. ఆమెకి ఏమీ కాలేదు. పైగా పడవ ఊగినప్పుడల్లా ఇంకా బాగా ఊగితే బాగుండును అన్నట్టు ముందుకి వంగుతోంది.

దీవి

పడవ ఆగిన వైపు నుంచి ఇసుక దిబ్బ ఎక్కి అవతలికి దిగాలి. ఎక్కుతూండగా చప్పుడు వినబడింది. స్వరూప ఆగిపోయింది. నేను వెళ్ళి చెయ్యి పట్టుకోబోతే విదిలించుకుని ఒక్క పరుగు తీసింది. దిబ్బ మీదికెక్కి, అటు చూసి, రెండు చేతులూ తలమీద పెట్టుకుంది.

ఎదురుగా అసలు సముద్రం. ఒడ్డు అటూ ఇటూ కనుచూపు మేర ఖాళీ. దూరంగా లైట్‌హౌస్ ఒకటి. చిన్న చిన్న ఎర్ర పీతలు మా అడుగుల చప్పుడుకి ఇసుక మీద పరుగెత్తి కన్నాల్లో దూరుతున్నాయి. ఇసుక తెల్లగా లేదు, బూడిద రంగులో ఉంది, ఎండకి అక్కడక్కడ మెరుస్తోంది. స్పోకెన్ ఇంగ్లీషు సారు చెప్పింది ఒక్కటీ నిజం కాదు, కానీ ఏది చూసినా ఆయన చెప్పినదానికన్నా బాగుంది.

స్వరూప నీళ్ళ అంచు దాకా పరుగెత్తి, తడి మొదలయ్యే చోట ఆగి, వంగి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. ముఖం ముడుచుకుంది. కూరలో ఉన్నంత ఉప్పు ఉంటుందనుకుందట. ఒకసారి సరిపోలేదు, మళ్ళీ రుచి చూసింది. తర్వాత కాలు పెట్టింది. అల వెనక్కి పోతూ కాళ్ళ కింద ఇసుకని లాగేసరికి కెవ్వుమని నా మెడ పట్టుకుని, పట్టుకున్నాక విడవకుండా నవ్వడం మొదలుపెట్టింది. ఏడాదిగా ఒకే గదిలో ఉంటున్నాం. ఆ అమ్మాయికి అంత పెద్ద నవ్వు ఉందని నాకు తెలియదు.

ఆంటీ మా ఇద్దరికీ జాగ్రత్తలు చెబుతూ, లోతుకి వెళ్ళకండి, చున్నీలు కట్టుకోండి అంటూ తనే అందరికన్నా ముందు నీళ్ళలోకి వెళ్ళిపోయింది. చీర మోకాళ్ళ దాకా దోపి, నీళ్ళలో చతికిలబడి కూర్చుంది. అల వచ్చి ఆవిడని పీపాలా దొర్లించి ఒడ్డున పడేసింది. మేం కంగారుగా పరుగెత్తాం. ఆవిడ లేచి, కళ్ళజోడు ఉందో లేదో తడుముకుని, జుట్టులోంచి ఇసుక దులుపుకోకుండానే మళ్ళీ వెళ్ళి సరిగ్గా అక్కడే కూర్చుంది. మళ్ళీ దొర్లింది. ఇలా ఎన్నిసార్లు జరిగిందో చెప్పలేను. ఈ సందట్లో నా చెప్పు ఒకటి సముద్రం పట్టుకుపోయింది. రెండోదాన్ని కూడా ఆంటీయే తీసుకుని అటు విసిరేసింది, ఒంటి చెప్పు దానికి మాత్రం ఎందుకూ అని.

వచ్చిన పని గుర్తొచ్చి నేను మేనేజరు వేషం వేశాను. ఇసుక మీద దర్జాగా కూర్చుని ఇంగ్లీషులో నీళ్ళ రంగు ఏమిటి, సూర్యోదయం ఎలా ఉంది అని మొదలుపెట్టాను. స్వరూప ముఖంలోంచి నవ్వు అమాంతం పోయింది. చేతులు ఒళ్ళో పెట్టుకుని, వీపు నిటారుగా చేసి, కుర్చీ లేకపోయినా కుర్చీలో ఉన్నట్టు కూర్చుంది. నాకు ఎందుకో భయం వేసింది.

"ఇయ్యాల వద్దక్కా," అంది. "పడవల అడగొద్దన్నడు గదా. పడవ దిగినా గదే అనుకుందాం."

సరేనని వేషం తీసేశాను. మళ్ళీ నీళ్ళలోకి పరుగెత్తాం.

నూకాలు ఇల్లు

దీవి మీద చేపలు పట్టేవాళ్ళ పాకలు కొన్ని ఉన్నాయి. అందులో ఒకటి సత్తిబాబు బంధువులదట. ఆ ఇంటావిడ పేరు నూకాలు. ముందే కబురు అందినట్టు పొయ్యి మీద పీతల కూర ఉడుకుతోంది. తడి బట్టలతో, ఇసుకతో వచ్చిన మా ముగ్గురి అవతారం చూసి, కూకోండి అని చాప పరిచి, స్వరూప చేతికి ఒక బుట్టెడు రొయ్యలు ఇచ్చి వలవమంది. ఎవరు, ఏం చేస్తున్నారు, పెళ్ళయిందా, ఏమీ లేదు. ఇంట్లో మనిషికి పని చెప్పినట్టు చెప్పింది. స్వరూప రొయ్య తల ఎటో తోక ఎటో తెలియక తిప్పితిప్పి చూస్తుంటే, ఆవిడే వచ్చి ఒకటి వలిచి చూపించి మళ్ళీ పొయ్యి దగ్గరికి వెళ్ళిపోయింది.

పీతని తినడం అంత తేలిక కాదు. కొరికితే పంటికి దెబ్బ, కొరక్కపోతే లోపలిది రాదు. నూకాలు రాయి ఇచ్చింది. ఆంటీ రాయి పక్కన పెట్టి, పుట్టింటి విద్య గుర్తొచ్చినట్టు పళ్ళతోనే టక్కుటక్కుమనిపించింది. పులుపు, కారం దంచికొట్టాయి. స్వరూప కళ్ళూ ముక్కూ కారుతున్నా ఆపకుండా తింది, మా ఇంట్ల చేపల పులుసు సుత గిట్లనే పుల్లగ జేస్తరు అంది. ఆమె తల్లి పంపిన సకినాల డబ్బా తీసి నూకాలుకి ఇచ్చాం. బియ్యప్పిండి చుట్టలు చుట్టి నూనెలో వేయిస్తారు, నువ్వులు కలుపుతారు, కరకరలాడతాయి. నూకాలు ఒకటి నోట్లో వేసుకుని చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని వింది. తర్వాత డబ్బా మూత పెట్టి ఇంకెవరికీ అందకుండా అటక మీద పెట్టేసింది.

తాగే నీళ్ళు వాళ్ళకి కాకినాడ నుంచి పడవ మీద వస్తాయట. ఆంటీ అది విని కదిలిపోయింది. మా వీధిలో ట్యాంకర్ రాకపోతే ఆవిడ పడే తిప్పలు మాకు తెలుసు. ఇద్దరూ నీళ్ళ గురించి, బిందెల గురించి, ఆలస్యంగా వచ్చేవాళ్ళని తిట్టే తిట్ల గురించి చాలాసేపు ముచ్చటించుకున్నారు. వెళ్ళేటప్పుడు ఆంటీ తన సీసాలో మిగిలిన నీళ్ళు వాళ్ళ కుండలో పోసి వచ్చింది.

బురద

మధ్యాహ్నం దాటాక సత్తిబాబు వచ్చి, పాటు మొదలయ్యిందండి, నీళ్ళు దిగిపోతన్నాయి, ఎల్దారండి అన్నాడు. స్వరూప అప్పుడే ఇంకొక్కసారి అని నీళ్ళలోకి వెళ్ళింది. ఒక్క పావుగంటలో సముద్రం ఏమీ ఇంకిపోదులే అని నేను అన్నాను. అన్నది నేనే. వాంతి చేసుకున్న మనిషికి కూడా కోస్తా పొగరు పోలేదు.

పావుగంట అరగంటయింది. మేం దిబ్బ దిగి వచ్చేసరికి పడవ ఉన్న వైపు నీళ్ళు బాగా వెనక్కి జరిగాయి. ఎలాగో ఎక్కి కొంతదూరం వెళ్ళామో లేదో, పడవ అడుగున బరబరమని చప్పుడై ఆగిపోయింది. చుట్టూ జానెడు నీళ్ళు, కింద నల్లటి బురద. సత్తిబాబు గెడ వేసి నెట్టాడు, కదలలేదు. బీడీ వెలిగించి కూర్చున్నాడు. మళ్ళీ పోటు వచ్చి నీళ్ళు ఎక్కేదాకా చేసేదేం లేదన్నమాట.

మా రైలు సాయంత్రం. అది పోతే మర్నాడు పొద్దున సోమాజిగూడలో ఉండటం జరగని పని. పోటు ఎప్పుడు వస్తుందని అడగాలి. అడగకూడదు.  ఆ ఇంటర్వ్యూ కోసమే ఇంతదూరం వచ్చి, స్వరూపకి ఉన్న ఒక్క అవకాశాన్ని నా మాట వల్ల బురదలో పెట్టాను. స్వరూప ముఖం చూడలేకపోయాను.

ఆంటీ కాసేపు కొంగు నమిలి, చివరికి ఒక ఉపాయం కనిపెట్టింది. అడగడం మానేసి చెప్పడం మొదలుపెట్టింది.

"సత్తిబాబూ, మా రైలు సాయంత్రం."

"ఆయ్."

"రైలు మా కోసం ఆగదు."

"ఆగదండి."

"రేపు ఈ పిల్లకి ఇంటర్వ్యూ."

"మంచిదండి."

ఇంక చెప్పడానికి కూడా ఏమీ మిగలలేదు. అప్పుడు స్వరూప లేచి, సల్వారు మోకాళ్ళ పైకి మడిచి, పడవ దిగింది. పిక్కల దాకా దిగబడిపోయింది. మా పొలంల ట్రాక్టర్ దిగవడితె గిట్లనే నూకుతం, రాండ్రి అని భుజం ఆనించింది. పడవకి కొద్ది దూరంలో నీళ్ళు లోతుగా పారే సన్నటి పాయ ఒకటి ఉంది. అక్కడిదాకా జరిపితే చాలని సత్తిబాబు కూడా బీడీ పారేసి దిగాడు. బరువు తగ్గాలని నేను దిగాను. ఆంటీని కూర్చోమన్నాం. మీరంతా దిగితే నేనెందుకే పైన మహారాణిలా అని ఆవిడ కూడా దిగి, దిగిన చోటే మెత్తగా బురదలో కూర్చుండిపోయింది.

ఆవిడని లేపడానికి నేను వెళ్ళి పడ్డాను. మా ఇద్దరినీ చూసి స్వరూప నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే నెట్టలేం, నెట్టకపోతే రైలు పోతుంది, ఆ సంగతి తలుచుకుంటే ఇంకా నవ్వు వస్తోంది. సత్తిబాబు మమ్మల్ని నవ్వొద్దనలేక, తను నవ్వాపుకోలేక, గంగమ్మ తల్లీ అని పడవకి నుదురు ఆనించుకున్నాడు. కాస్త తేరుకుని నెట్టాం, ఆగి నవ్వాం, మళ్ళీ నెట్టాం. జానా బెత్తెడు చొప్పున పడవ జరిగింది. చివరికి ముందుభాగం పాయలోకి జారి తేలగానే స్వరూప అరిచిన అరుపుకి మడ చెట్ల మీంచి కొంగలన్నీ లేచాయి.

రైలు అందింది. ఎలా అందిందో రాస్తే ఆటో అతను ఇబ్బందుల్లో పడతాడు. నడుము దాకా ఎండిన బురదతో, ముగ్గురిలో ఒకరు చెప్పుల్లేకుండా బోగీలోకి ఎక్కితే, సీట్లో ఉన్న పెద్దమనిషి మేం అడగకుండానే లేచి వేరే చోటికి వెళ్ళిపోయాడు. ఆంటీ ఆ సీట్లో కాళ్ళు చాపుకుని, పొద్దున టిఫిను దగ్గర కొన్న కాజాల పొట్లం విప్పి, రోజూ గరిటెతో పెరుగు కొలిచే ఆ చేత్తోనే లెక్కా పత్రం లేకుండా మా ఒళ్ళో పోసింది.

సోమాజిగూడ

స్వరూపకి ఉద్యోగం వచ్చింది. మిమ్మల్ని ఊరించడం ఇష్టం లేక ముందే చెబుతున్నాను. కబురు హాస్టల్ ఫోనుకి వచ్చింది. ఆంటీ ఎత్తి, అలవాటు కొద్దీ ఎవరు, ఎక్కడ్నించి, ఎందుకు అని వాళ్ళనే ముందు ఇంటర్వ్యూ చేసింది. ఆ రోజు రాత్రి అందరికీ పెరుగు గిన్నెలు నిండా వడ్డించింది.

కానీ సోమవారం ఆ ఇంటర్వ్యూ గదిలో ఏం జరిగిందో నాకు చెప్పడానికి స్వరూప చాలా రోజులు తీసుకుంది. మొన్న ఆదివారం బట్టలు ఆరేస్తూ డాబా మీద చెప్పింది.

మేనేజరు నవ్వుతూ, ఇక ఆ దీవి సంగతి చెప్పండి అన్నాడట. ఆమె ఇంగ్లీషులో మొదలుపెట్టింది, కానీ సారు నేర్పింది కాదు. మొన్న మీకు చెప్పినప్పటికి నేను వెళ్ళలేదు, నిన్న వెళ్ళొచ్చాను అంది. నీళ్ళు నీలంగా లేవని, పడవ బురదలో దిగబడిందని, సూర్యోదయం చూడనేలేదని, అప్పటికింకా రైల్లోనే ఉన్నానని చెప్పింది. ఆయన కుర్చీలో వెనక్కి వాలి విన్నాడట. అమీర్‌పేట నుంచి వచ్చేవాళ్ళంతా ఆ దీవికి వెళ్ళొచ్చినవాళ్ళే, అందరూ ఆ తెల్ల ఇసుకే చెబుతారు, బురదతో వచ్చింది మాత్రం మీరొక్కరే అన్నాడట. ఆయనకి మొదటి రోజే తెలుసు.

అక్కడ మీకు బాగా నచ్చింది ఏమిటి అని అడిగాడు. ఆమె ఇంగ్లీషులో వెతుక్కుంది. దొరకలేదు. తెలుగే వచ్చింది.

"పొద్దుగూకేదాక నన్ను ఎవ్వరు ఏం అడగలే సార్. ఏడాది నుంచి రోజు అడుగుతనే ఉన్నరు. ఒక్క నిన్ననే అడగలే."

ఆయన ముందు ఇంకా ప్రశ్నల కాగితాలు ఉన్నాయట. వాటిని తిరగేసి బల్ల మీద పెట్టి, సరేనమ్మా, నేనూ ఇంకేం అడగను అని లేచి నిలబడి తలుపు దాకా వచ్చాడట.

బయటికొచ్చాక సోమాజిగూడ బస్టాపులో కూర్చుని చాలాసేపు ఏడ్చానని చెప్పింది స్వరూప. చేతిలో తడి చున్నీ ఉంది, దాన్ని తీగ మీద వేసి అంచులు సరిచేస్తోంది. ఆయన తలుపు దాకా వచ్చాడంటే ఉద్యోగం వచ్చినట్టే కదా, మరి ఎందుకు ఏడ్చావని నా నోటి దాకా వచ్చింది. అడగలేదు. బకెట్లోంచి ఇంకో గుడ్డ తీసి పిండి, ఆమె చేతికి ఇచ్చాను.